తీరం దాటకముందే
(దివిసీమ ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం)



1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. వారి పేరిట మాట్లాడమని మీరు పిలిచినప్పుడు నా మనసు బంగాళాఖాతం ఆవలి ఒడ్డుకు వెళ్ళింది. అంతకు ఏడేళ్ళ ముందు, 1970 నవంబరు 12 రాత్రి, ఇదే సముద్రం నేటి బంగ్లాదేశ్‌లోని భోలా దీవిని, చుట్టుపక్కల లంకలను తుడిచిపెట్టింది. కనీసం 3 లక్షల మంది చనిపోయారు. ఆ తుపాను ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. కానీ ఆ కబురు గుడిసెల దాకా సరిగా అందలేదు.

అందుకే 1972లో రెడ్‌క్రాస్ సమాఖ్య అక్కడ తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ప్రభుత్వమూ చేయి కలిపింది. మెగాఫోను, సైరను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే వాలంటీర్లు తయారయ్యారు. అయినా 1991 ఏప్రిల్ తుపానులో మళ్ళీ దాదాపు 1 లక్షా 38 వేల మంది బలయ్యారు. తుపాను షెల్టర్లు పెరిగాకే ప్రాణనష్టం బాగా తగ్గింది.

ఇంత జరిగినా సాయం డబ్బు మాత్రం శవాలు లెక్కపెట్టిన తర్వాతే కదిలేది. ఈ అలవాటు ఎంత ఘోరమైనదో సోమాలియా చూపింది. వానలు ముఖం చాటేస్తాయని 2010లోనే హెచ్చరికలు వచ్చాయి. కరువు ప్రకటన 2011 జూలై 20న వెలువడింది. విరాళాలు అప్పుడు పోటెత్తాయి. మొత్తం మీద సుమారు 2 లక్షల 58 వేల మంది చనిపోయారని తర్వాతి అధ్యయనం తేల్చింది. అందులో సగానికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలు. హెచ్చరిక ఉండీ పోయిన ప్రాణాలివి. వీటిని ప్రకృతి ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను.

దాతలు ఎందుకు కదలలేదు? సూచన తప్పితే డబ్బు వృథా అవుతుందన్న భయం. ఆ భయానికి మందు కనిపెట్టింది రెడ్‌క్రాస్ వాళ్ళే. ఏ నదికి ఎంత నీరు వస్తుందన్న సూచన అందితే, ఏ ఊళ్ళకు, ఏ సాయం, ఎవరి నిధి నుంచి వెళ్ళాలో మబ్బు లేని రోజుల్లోనే రాసి పెట్టుకోవడం. సూచన ముందే గీసుకున్న గీత దాటగానే డబ్బు కదలాలి, మళ్ళీ చర్చ ఉండకూడదు. 2015 నవంబరులో ఉగాండాలో ఈ పద్ధతిన వరదకు ముందే నీళ్ళ క్యాన్లు, నీటిని శుద్ధిచేసే మాత్రలు, సబ్బులు పంచారు.

ఇక 2020 సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ జూలై 4న బంగ్లాదేశ్‌లోని జమునా నదికి పెద్ద వరద రాబోతోందని సూచన అందింది. ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. కొద్దిరోజులకు, బహదూరాబాద్ దగ్గర నీటిమట్టం ముందే గీసుకున్న గీత దాటబోతోందని స్థానిక సూచన రాగానే పంపిణీ మొదలైంది. ఒక్కో కుటుంబానికి 4,500 టాకాలు సెల్‌ఫోన్ ఖాతాలో పడ్డాయి. పశువులకు దాణా, గింజలు తడవకుండా దాచుకునే డ్రమ్ములు, ఆడవాళ్ళకు అవసరమైన సామాను అందాయి.

దాణాను చిన్న విషయం అనుకోకండి. వరదొస్తే లంకల రైతు ముందు అమ్ముకునేది ఆవునే, అదీ అయినకాడికి. గట్టు మీద మేత ఉంటే ఆవు నిలుస్తుంది, ఆవు నిలిస్తే ఇల్లు నిలుస్తుంది. తర్వాత పరిశోధకులు లెక్కతీస్తే, డబ్బందిన ఇళ్ళలో వరద రోజుల్లో పూటంతా కాదు, రోజంతా పస్తుండే పరిస్థితి 36 శాతం తక్కువగా కనిపించింది. ఆ ఇళ్ళు భారమైన అప్పుల జోలికీ తక్కువగా వెళ్ళాయి.

సూచన ఒక్కోసారి తప్పుతుంది, నిజమే. వరద రాకపోతే ఆ 4,500 ఏమైనట్టు అని అడుగుతారు. పేదింట్లో బియ్యమై ఉంటాయి, మేతై ఉంటాయి. ఆ ఖర్చుకు నేను బాధపడను.

మన దగ్గర హెచ్చరిక బాగా అందుతోంది, జనాన్ని తరలించడమూ నేర్చుకున్నాం. పంటకూ ఇంటికీ పరిహారం మాత్రం నష్టం రాసుకున్నాకే. ఏ సూచన వస్తే ఏ మండలానికి ఎంత సొమ్ము వెళ్ళాలో వేసవిలోనే జీవోగా రాసిపెట్టమని, సభ నుంచి ఇంటికెళ్ళగానే మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. వచ్చే తుపాను కాలానికి అది సిద్ధంగా ఉండాలి.