గడీ గోడలు, డంగుసున్నం: ఒక పాత తగవు



మా గురువుగారి పేరిట ఈ ఉపన్యాసం ఇమ్మన్నందుకు ధర్మకర్తలకు కృతజ్ఞుణ్ణి. ఆయన పాండిత్యం గురించి ఆహ్వానపత్రంలో అచ్చయింది, మళ్లీ చదవను. అందులో లేనిదొకటి చెబుతాను. అరువు తీసుకున్న పుస్తకాన్ని ఆయన ఏళ్ల తర్వాత, అంచుల నిండా పెన్సిలు వాదనలతో తిరిగిచ్చేవారు. కట్టడాల గురించి రస్కిన్ రాసిన పుస్తకం, నా ప్రతి, అలా తిరిగొచ్చిందే. ఆ పెన్సిలు రాతలతోనే నాకు ఇప్పటికీ తగవు.

తెలంగాణ గడీల చరిత్ర, వెట్టి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం, ఆపై సాయుధ పోరాటం మీకు తెలిసినవే. దొరల ఇళ్లను ఎందుకు కాపాడాలన్న ప్రశ్నలోకీ దిగను. ఆ ఇళ్ల గోడల మీది గచ్చు పని, అంటే సున్నంతో తీర్చిన అలంకారం, దొర చేతిది కాదని మాత్రం గుర్తుచేస్తాను.

గురువుగారితో నా తగవు ఇదీ: పాడైన ఆ అలంకారాన్ని బాగుచేయాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా? పునరుద్ధరణ పేరుతో జరిగేది విధ్వంసమేనని రస్కిన్ 1849లోనే తేల్చాడు. విలియం మోరిస్ 1877లో ఆ వాదానికి ఏకంగా సంఘమే పెట్టాడు. ఊహ మొదలయ్యే చోట పని ఆపమంది 1964 నాటి వెనిస్ ఒడంబడిక. గురువుగారు ఈ మూడింటినీ వరసగా అప్పజెప్పి, చెయ్యి పెట్టొద్దనేవారు.

రస్కిన్ వాదానికి పునాది ఒకటే: పోయిన పనివాడి చెయ్యి మళ్లీ రాదని. ఆ పునాదే గట్టిది కాదు. ఇంగ్లండులో, ససెక్స్‌లోని అప్‌పార్క్ భవనం 1989 ఆగస్టు 30న కాలిపోయింది. పైకప్పు సీసం పని చేస్తుండగా అంటుకున్న మంట అది. నేషనల్ ట్రస్టు శిథిలాలు జల్లించి ముక్కలు ఏరించింది. సున్నంతో తీగలూ పూలూ చేత్తో తీర్చే విద్యను మేస్త్రీలు మళ్లీ పట్టుకున్నారు. 1995లో ఇల్లు తలుపులు తెరిచింది. 2015లో కాలిన క్లాండన్ పార్కును అదే ట్రస్టు చాలావరకు శిథిలంగానే ఉంచాలని 2022లో నిర్ణయించింది కదా అంటారు. నిజమే. అక్కడ లోపలి పనిలో చాలా భాగం మంటలకే పోయింది. మన గడీల్లో అది ఇంకా గోడనే అంటిపెట్టుకుని ఉంది.

ఇంతకీ మనవాళ్లు రస్కిన్ మాటా వినరు, అప్‌పార్క్ దారీ పట్టరు. సిమెంటు పూస్తారు. నేను చూసిన ఒక గడీలో గోడలకు మోకాలెత్తు సిమెంటు మెత్తారు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి పైకెక్కింది, ఉప్పు పొంగి పైనున్న పాత గచ్చు పెచ్చులుగా రాలింది. ద్వారం మీది గచ్చు చిలకలకు ఎమల్షన్ రంగు దట్టంగా కొట్టారు. ముక్కు కింది గాడి పూడి ఇప్పుడవి బాతుల్లా ఉన్నాయి. బిల్లులో ఆ పని పేరు ‘పునరుద్ధరణ’!

సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి డంగుసున్నం తయారుచేయగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు. సున్నం ఎన్నాళ్లు నానాలి, నునుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన ఏ పూతలో కలపాలి అన్నవి వాళ్ల నోటే విని రాసుకుంటున్నాను. పుస్తకం సగమైంది. గురువుగారు ఉంటే దాని అంచులూ నింపేవారు.

మీ ఊళ్లో సున్నపు గానుగ రాయి మిగిలి ఉంటే ఇంటి ముందు మెట్టుగా వేసుకోకండి. మీ పెద్దల్లో గచ్చు పని చేసినవారుంటే ధర్మకర్తల చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. గడీ ముందు సిమెంటు బస్తాలు దిగకముందే రాయండి.