గ్రామనిర్ణయము – కులపెద్దలు
(తడలో జరిగిన వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



ఇట్టి మహాసభలలో మాటలాడువారు మన కులముయొక్క పూర్వవైభవమును గూర్చియో, విద్యార్థి వసతిగృహమునకు వలసిన విరాళములను గూర్చియో ప్రసంగించుట వాడుక. విరాళముల మాట కార్యదర్శిగారు మాకంటె మధురముగ జెప్పగలరు. పూర్వవైభవమును వినివిని మీ చెవులు నిండియున్నవి. మేము నేడెత్తుకొన్న విషయము చిన్నది. ఊరిలో నొక నిర్ణయ మెట్లు జరుగుచున్నది? అందు మన చేయి యెంత? చిన్నదేయైనను వినుటకు కొంత కష్టముగ నుండును. ఏలయన నిందలో మొదటి పాలు మాదే.

ఈ తడ యునికి విచిత్రమైనది. తూర్పున పులికాటు సరస్సు, దక్షిణమున తమిళనాటి పొలిమేర, నడుమ చెన్నపురికి బోవు రైలుదారియు రాజమార్గమును. మాంబట్టులో పాదరక్షల కర్మాగారము వెలసినది. పడమట సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో 2008 నుండి శ్రీసిటీ పెరిగినది. నిన్నటి సేద్యగాడు నేడు కూలివాండ్రకు గదు లద్దెకిచ్చుచున్నాడు. 2022 ఏప్రిల్ 4న ఈ మండలము నెల్లూరుజిల్లానుండి తిరుపతిజిల్లాకు మారినది. అంతకు పూర్వము 1960 ఏప్రిల్ 1న, పటాస్కరుగారి సూచనల ననుసరించి, తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకును, సత్యవేటి ప్రాంతము మన చిత్తూరుజిల్లాకును జేరెను. ఆ పంపకములో గ్రామమునే ప్రమాణముగ గొనిరి. రాష్ట్రముల యెల్లలను నిర్ణయించుటకు గ్రామము చాలినది; తన వీధిలోని కుళాయి యెచట నుండవలెనో నిర్ణయించుకొనుటకు మాత్రము చాలకున్నది.

చట్టమున లోపము లేదు. 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది; 1994లో మన పంచాయతిరాజ్ చట్టము పుట్టినది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడును, ప్రతి స్త్రీయు గ్రామసభ సభ్యులే. పంచాయతీ జమాఖర్చులు, తనిఖీ నివేదిక, చేయబోవు పనులు, క్రొత్త పన్నులు, సహాయము పొందదగిన వారి యెంపిక – ఇవన్నియు ఆ సభయెదుట నుంచవలెనని 6వ సెక్షను చెప్పుచున్నది. 2024 ఆగస్టు 23న ఉపాధిహామీ పనుల నిర్ణయమునకై రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలోను ఒక్కనాడే గ్రామసభలు జరిపిరి. జరుపుట మంచిదే. కాని మా యనుభవమున గ్రామసభ జరుగుట ఒకటి, నిర్ణయము జరుగుట మరియొకటి.

ఎట్లనిన వినుడు. కొన్ని యేండ్ల క్రిందట మా గ్రామమునకు మంచినీటి బోరొకటి మంజూరైనది. ఊరిపేరు చెప్పము; సరస్సునకు దగ్గరి యూరనిన జాలును. సభ మరునా డుదయము. ముందటిరాత్రి మా కులపెద్దల మైదుగురము దేవాలయ మంటపమున గూడితిమి. బోరు మన వీధి చివర, గుంటప్రక్కన వేయింతమని యొకరనిరి. తక్కినవారము తలయూపితిమి. కారణ మొక్కటే, అది మన వీధి. తెల్లవారి సభకు వచ్చినవారు పట్టుమని యిరువదిమంది లేరు. కార్యదర్శి తీర్మానమును చదివెను. ఎవరును నోరు మెదపలేదు. సంతకములు, వేలిముద్రలు పడినవి. రానివారి సంతకములకై పుస్తకమును ఇంటింటికి ద్రిప్పిరి. మేమును సంతకము చేసితిమి, గర్వముతోనే చేసితిమి.

రెండవ వేసవికి నీ రుప్పెక్కినది. పాళెమువారికి మొదటినుండియు ఆ బోరు దూరము. ఇప్పుడు మాకును పనికిరానిదైనది. ఒకనాడు బిందె దింపుచు మా మేనత్త, “ఆ గుంట పక్క బాయి నీళ్లు ఎండలు ముదిరితే ఉప్పగవుతాయని మాకెప్పుడో తెలుసు నాయనా. నీళ్లు మోసేవాళ్లం, మమ్మల్నొక మాట అడిగుంటే చెప్పేవాళ్లం గదా!” యనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఇది యెరిగినవారు ఆ యూర నూరుమంది యుందురు. ఆ రాత్రి మంటపమున నొక్కరును లేరు. పాళెమువారిని అడుగుట మాట యటుంచుడు, మన యిండ్ల స్త్రీలనే యడుగలేదు. స్త్రీలకు పంచాయతీలలో మూడవవంతు స్థానము లుండెను, తరువాత సగమైనవి. అయినను పెక్కు గ్రామములలో సర్పంచిగారి కుర్చీప్రక్కన మరియొక కుర్చీ వేయుట మీ రెరుగనిది కాదు.

ప్రజల నడుగక చేసిన నిర్ణయ మెందాక బోవునో ఆంధ్రదేశమున చీరాల చూపినది. చీరాల–పేరాల యూనియనును 1919లో పురపాలకసంఘముగ మార్చిరి. నేతగాండ్రు, చిన్న వర్తకులు నివసించు ఊరు. పన్నులు అనేకరెట్లు పెరిగెను. ఊరివారు వలదని మొరపెట్టిరి, వినినవారు లేరు. తుదకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, వెలుపల పాకలు వేసికొని, రామనగరమను పేర సుమారు పదునొకండు మాసములు కాపురముండిరి. ఆ కాలమున మదరాసులో స్థానికస్వపరిపాలన శాఖను వహించిన మంత్రి మన కాళహస్తిలో జన్మించిన పానుగంటి రామరాయణింగారు, పానగల్లు రాజాగారు. ఎక్కువ పన్నుకన్న ఎక్కువగ వారిని బాధించినది, తమ్ము లెక్కలోనికి గొనకపోవుటయని మేము తలంచుచున్నాము. కర్మాగారముల నీడలో పెరుగుచున్న ఈ తడవంటి యూళ్లకు, పట్టణమగుదుమా కాదా, పన్నెవరు వసూలు చేయుదురు, అందు పంచాయతీకి పాలెంతయను ప్రశ్న లెప్పుడైనను రావచ్చును. పారిశ్రామిక నగరముల విషయమున పురపాలకసంఘము లేకయే నడుపుటకు రాజ్యాంగము 243-క్యూ అధికరణమున నొక వెసులుబాటు నుంచినది. దానిని మన యువకులు చదివి యుండుట మేలు.

పూర్వుల పద్ధతి మేలని కొందరందురు. నిజమే, కొంతవరకు. మనకు దూరము కాని ఉత్తరమేరూరులో పరాంతకచోళుని కాలపు శాసనములు, 919, 921 సంవత్సరములవి, గోడలపై నున్నవి. ముప్పది వార్డులు, అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి కుండలో వేసి, చిన్నబాలునిచే దీయించుట, లెక్కలొప్పజెప్పని వానికిని, వాని బంధువులకును అర్హత లేకుండుట. బంధువులకు గూడ! ఈ యొక్క నియమమును నేడు పాటించినచో మన వేదికపై నెందరము మిగులుదుమో. పులికాటు దక్షిణపుటొడ్డున పట్టినవ మత్స్యకారుల పల్లెలలో ‘పాడు’ అను నేర్పాటు కలదు. వలవేయు తావులను చీట్లువేసి, వంతులవారీగా పంచుకొందురు. బలవంతుడెప్పుడును మంచి తావునే పట్టుకొని కూర్చుండుటకు వీలులేదు. చక్కని న్యాయము. కాని ఈ రెంటికిని ఒక గోడ యున్నది. ఉత్తరమేరూరు సభ భూమియు వేదవిద్యయు గల బ్రాహ్మణులది. పాడులో వంతు ఆ కులపు కుటుంబపెద్దలది. వెలుపలి బెస్తలకు లేదు, అందుచే తగవులు. లోపల నెంత న్యాయమున్నను, గోడ కావలివానికి అది న్యాయముగ దోచదు. మన దేవాలయ మంటపమును అట్టిదే. మే మైదుగురమును ఆ రాత్రి ఒకరి నొకరు వంచించుకొనలేదు. పరస్పరము మిక్కిలి మర్యాదగనే యుంటిమి.

ఏకగ్రీవమును గూర్చి యొక్క మాట. 2021 పంచాయతీ యెన్నికలలో పోటీలేక యెన్నుకొనిన గ్రామములకు జనసంఖ్య ననుసరించి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయలవరకు ప్రోత్సాహకము ప్రకటించిరి. ఊరు నిజముగ నొక్కమాటపై నిలిచినచో సంతోషమే. కాని పెద్దకులముల పెద్దలు రాత్రి పంచుకొనిన పదవిని ఉదయ మేకగ్రీవమనుట మన ప్రాంతమున క్రొత్త కాదు. పదవిని వేలము వేసి, ఆ సొమ్ము గుడికిచ్చితిమని తృప్తి నొందినవారును కలరు. గుడికి జేరిన సొమ్ముతో ఓటు హక్కు తిరిగి రాదు.

కులసంఘ వేదికపై నిలిచి కులపెద్దల నిట్లనుట యుచితమాయని కొందరి ముఖములు అడుగుచున్నవి. సంఘ ముండవలసినదే. పేదబాలునకు చదువు, వితంతువునకు ఆసరా, ఆపదలో నప్పు – ఇవి సంఘము చేయగల పనులు, చేయుచున్న పనులు. ఊరి నీరు, ఊరి దారి, ఊరి పన్ను మాత్రము సంఘమువి కావు. 1984లో కరణము మునసబుల వంశపారంపర్య పదవులు రద్దైనప్పుడు మనలో పెక్కుమంది చప్పట్లు చరచితిమి. ఆ పదవిని చీకటిలో మనమే తిరిగి కట్టుకొనుచున్నామేమో చూచుకొనవలదా?

కావున ఈ మహాసభయెదుట నొక తీర్మానము నుంచుచున్నాము. గ్రామసభకు ముందు ఊరి పనులను గూర్చి మన సంఘపక్షమున రహస్యముగ గూడుట మానవలెను. సభకు రానివారి సంతకములను ఇంటింట బెట్టించు పుస్తకముపై మనవారెవరును సంతకము చేయరాదు. సభలో క్రిందటియేటి జమాఖర్చులను బిగ్గరగ చదువుమని మనవారే మొదట నడుగవలెను, అవి మనవాడు సర్పంచిగా నున్ననాటి లెక్కలైనను. చివరిమాటకు చప్పట్లు తక్కువగ వినబడినవి, పరవాలేదు.

తీర్మాన మోడినను మా గ్రామమున మేము మొదలిడుదుము. రాబోవు గ్రామసభకు మా మేనత్తను వెంటబెట్టుకొని పోవుదుమని మాట యిచ్చియున్నాము. అచట నేమేమి యడుగవలెనో ఆమె యిప్పటినుండియే వ్రేళ్లపై లెక్కించుకొనుచున్నది. వాటిలో మొదటిది ఆ బోరు.