జ్వరం దిగింది, కమ్‌జోరీ మిగిలింది
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గూర్చి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను ఆజ్ఞాపించినారు. మేము డాక్టర్లము కాము, ఉర్దూ మీడియం పంతుళ్లము. మార్కులు వేయటం మా పని గనుక, జబ్బు మిగిల్చిన బాధకు మార్కులు వేయటం గురించి చెప్పదలచినాము.

2005 డిసెంబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా వ్యాపించింది. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానపు కేసులు లెక్కకు వచ్చినవి. 1952లో నేటి టాంజానియా ప్రాంతంలో ఈ జబ్బు బయటపడింది. మనిషిని వంచేది అనే భావంతో అక్కడి మకొండే భాషలో దానికి ఆ పేరు వచ్చింది. జ్వరం వారంలో దిగినా, కొందరికి కీళ్ల నొప్పులు నెలల తరబడి పోలేదు. తరువాత 2020లో కరోనా వచ్చింది. జబ్బు మొదలై మూడు నెలలైనా ఉంటూ, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం కనబడని బాధలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ప్రత్యేక స్థితిగా నిర్వచించింది. 2023 మే నెలలో అత్యవసర పరిస్థితి ముగిసినదని అదే సంస్థ ప్రకటించింది. కొన్ని ఇళ్లలో మాత్రం అది ముగియలేదు.

మా గూడూరులో ఒక పెద్దమనిషి సైకిలు మీద ఊరూరా తిరిగి బట్టలు అమ్మేవారు. కరోనా తగ్గినాక సైకిలు ఎక్కలేకపోయినారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే అన్నీ బాగున్నవి. డాక్టరు ఏమైందని అడిగితే "కమ్‌జోరీ సాబ్" అన్నారు. బలం మందు రాసి పంపినారు. ఇంట్లోవారు బద్ధకమన్నారు. ఆయనకు అన్నిటికన్నా నొప్పి కలిగించింది ఆ మాటే.

ఇందులో తప్పెవరిది? ఆ ఒక్క మాటదే అని మా అభిప్రాయం. కమ్‌జోరీ అన్నా, నీరసం అన్నా అందులో ఆయాసం, అలసట, కీళ్ల నొప్పి, మతిమరుపు అన్నీ దాగి ఉంటవి. అన్ని సబ్జెక్టులకు కలిపి ఒకే మార్కు వేస్తే పిల్లవాడు ఎందులో వెనుకబడినాడో ఎట్లా తెలుస్తుంది?

వైద్యులు వేసే మార్కులు కష్టమైనవి కావు. ఆయాసానికి సున్నా నుండి నాలుగు వరకు ఉన్నది. పెద్ద శ్రమలో తప్ప ఆయాసం రాకపోతే సున్నా. వేగంగా నడిస్తేనో, చిన్న ఎత్తు ఎక్కితేనో వస్తే ఒకటి. తోటి వయసువారితో సమానంగా నడవలేకపోతే రెండు. వంద గజాలకే ఆగవలసి వస్తే మూడు. బట్టలు వేసుకోవటానికే ఆయాసపడితే నాలుగు. అట్లాగే 2020లో నెదర్లాండ్స్ వైద్యులు రోజువారీ జీవితానికి ఒక కొలత ప్రతిపాదించినారు. అందులో సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, నాలుగంటే ఇతరుల సాయం లేనిదే గడవదు.

ఈ ఆలోచన మనకు కొత్తదా? నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చునని మన ధర్మమే అనుమతించింది. మనిషి శక్తికి మెట్లున్నవని ఒప్పుకున్నట్లే కదా. అయినా మసీదులో కుర్చీ వేసుకున్న మనిషిని చూసి "అంత వయసేం లేదే" అని గుసగుసలాడటం మనం మానలేదు.

కనుక మా మనవి ఇది. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి జుమా రోజు, ఒకే వేళకు, ఆయాసం, అలసట, నొప్పి, నిద్ర, జ్ఞాపకం విడివిడిగా రాయండి. ఏ పని మానుకున్నారో కూడా రాయండి. పక్కింటివారితో పోల్చవద్దు, జబ్బుకు ముందటి మీతోనే పోల్చుకోండి. కొందరికి ఈ రోజు చేసిన శ్రమ రేపో ఎల్లుండో దెబ్బ తీస్తుంది. అటువంటివారు పంతానికి పోయి పని పెంచరాదు. ఆడవారు "ఏం లేదులే" అని దాచుకుంటారు, వారిని అడిగి రాయించండి.

మార్కు వైద్యం కాదు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పటం ఉంటే బుక్కు పక్కన పెట్టి మానుకోటకో, వరంగల్ ఎం.జి.ఎం.కో వెంటనే పోవాలి.

ఆ పెద్దమనిషి ఇప్పుడు బుక్కు రాస్తున్నారు. ఆయాసం మూడు నుండి రెండుకు వచ్చింది, అలసట మాత్రం కదలలేదు. సైకిలు ఇంకా గోడకే ఆని ఉన్నది. కాని ఇంట్లో ఆయనను బద్ధకస్తుడనటం మానినారు. బుక్కు చూసిన డాక్టరు ఈసారి కుర్చీ చూపించి, కూర్చోబెట్టి, వివరంగా అడిగినారు.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారి మాట నమ్మే మనసు మనకిచ్చుగాక. ఆమీన్.