నీటికి కాపలా మనమే

(కొవ్వూరు దగ్గర ఒక ఊళ్లో, పొదుపు సంఘాల సమావేశంలో చదువు కేంద్రం వాలంటీరు చేసిన ప్రసంగం)

 

నేను మీకు కొత్త కాదు. సాయంత్రం పూట చదువు కేంద్రంలో మనం రోజూ కలుస్తూనే ఉన్నాం. అక్కడ పుస్తకం పట్టుకుని పాఠం చెబుతాను. ఈ రోజు పుస్తకం తీసుకురాలేదు. ఇదిగో, ఈ నీళ్ల టిన్ను తీసుకొచ్చాను. ఈ రోజు పాఠం దీని గురించే.

ముందుగా మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను.

పోయిన వానాకాలంలో మా వీధి పిల్లలకి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ఇంట్లో తగ్గితే ఇంకో ఇంట్లో మొదలు. మా అన్నయ్య కూతురికి మూడేళ్లు. రెండు రోజుల్లో దాని కళ్లు లోతుకి పోయాయి. ఏడిస్తే కన్నీరు కూడా రాలేదు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. పిల్ల దక్కింది.

డాక్టరమ్మ మా వదినని అడిగారు.

"ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?"

"ఫిల్టరు నీళ్లేనండి. డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం" అంది వదిన.

అందరం అదే అనుకున్నాం. ఫిల్టరు నీళ్లు కదా, నీటి వల్ల కాదు అనుకున్నాం. బజారులో బజ్జీలని తిట్టాం. ఈగలని తిట్టాం. నీళ్ల వైపు మాత్రం చూడలేదు.

చూసింది ఎవరో తెలుసా? మా వీధిలో ఒక పిన్ని. ఆరు నెలల కిందటే మన కేంద్రంలో చదవడం నేర్చుకుంది. ఒక రోజు ప్లాంటు దగ్గర టిన్ను నిండే దాకా నిలబడింది. ఖాళీగా ఉండలేక గోడ మీద ఉన్నవన్నీ కూడబలుక్కుని చదివింది. ఫిల్టరు గొట్టం మీద ఒక చీటీ అంటించి ఉంది. "మార్చిన తేదీ" అని దాని మీద రాసి ఉంది. పిన్ని వేళ్ల మీద లెక్క వేసింది.

"ఏం బాబూ, ఇది మార్చి పదకొండు నెలలైందా?" అని అడిగింది.

"నీళ్లు తియ్యగానే ఉన్నాయి కదా పిన్నీ" అన్నాడు ఆ అబ్బాయి.

పిన్ని ఊరుకోలేదు. నలుగురిని పిలిచింది. ఆ గొట్టం విప్పించింది. లోపల తెల్లగా ఉండాల్సిన ఫిల్టరు బురద రంగులో ఉంది. నీళ్లు నిలవ చేసే ట్యాంకు మూత సరిగ్గా లేదు. లోపలి గోడ చేత్తో రాస్తే జిగురు తగిలింది.

అందరం ఆ అబ్బాయి మీద కేకలేశాం. నేనే ఎక్కువ కేకలేశాను. ఇంటికొచ్చి మా టిన్ను ఎండకి ఎత్తి చూశాను. అడుగున పచ్చగా పాచి! నేను టీచర్ ట్రైనింగు చదివినదాన్ని. శుభ్రత గురించి పాఠాలు చెప్పేదాన్ని. మా టిన్ను కడిగి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

జబ్బు ప్లాంటు వల్ల వచ్చిందా, టిన్ను వల్ల వచ్చిందా? నేను చెప్పలేను. రెండూ తప్పే. రెండూ సరిచేసుకున్నాం. అందుకే ఈ మాట చెప్పడానికి వచ్చాను. యంత్రం నీటిని శుభ్రం చేస్తుంది. మరి యంత్రాన్ని ఎవరు శుభ్రం చెయ్యాలి? మనమే.

అసలు ఆర్ఓ అంటే ఏమిటి?

టీ వడగడితే ఆకు పైన ఉండిపోతుంది. పిండి జల్లిస్తే పొట్టు పైన ఉండిపోతుంది. ఉప్పు కలిపిన నీటిని బట్టలో వడగట్టండి. ఉప్పు ఆగుతుందా? ఆగదు. నీటితోపాటే కిందికి దిగుతుంది. దాన్ని ఆపడానికి బట్ట చాలదు. చాలా సన్నని పొర కావాలి. దాన్ని మెంబ్రేను అంటారు. ఆ పొరని చాపలా చుట్టి పొడుగాటి గొట్టంలో పెడతారు. మోటారు నీటిని గట్టిగా నెడుతుంది. మంచినీరు పొర దాటుతుంది. ఉప్పు ఇవతలే ఆగుతుంది. ఆ ఉప్పు నీరు వేరే గొట్టంలోంచి బయటికి పోతుంది.

1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు ఈ పొరని పనికి వచ్చేలా తయారు చేశారు. సౌరిరాజన్ మన దేశంలో పుట్టినవారే. 1965లో అమెరికాలోని కోలింగా అనే చిన్న ఊరికి ఈ పద్ధతిలో మంచినీళ్లు ఇచ్చారు. ఆ ఊరి బావి నీళ్లు ఉప్పన.

మన రాష్ట్రంలో 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం మొదలైంది. 2 రూపాయలకి 20 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం. ప్లాంటు పెట్టడం ఒక రోజు పండగ. దాన్ని నడపడం రోజూ ఉండే చాకిరీ. ఆ చాకిరీ చేసేవాళ్లు లేకపోతే ఎంత మంచి యంత్రమైనా పాడవుతుంది.

మీరు అడగొచ్చు. "అంత సన్నని పొర ఉంటే క్రిమి ఎలా వస్తుంది?" అని. మంచి ప్రశ్న.

పొర బాగుంటే క్రిమి దాటలేదు. కానీ పొర దాటిన తరవాత నీటికి కాపలా ఉండదు. కుళాయి నీటిలో కొంచెం క్లోరిన్ వాసన వస్తుంది కదా? అదే కాపలా. దారిలో క్రిమి చేరితే క్లోరిన్ చంపుతుంది. ఆర్ఓ నీటిలో ఆ క్లోరిన్ ఉండదు. క్లోరిన్ తగిలితే మెంబ్రేను పాడవుతుంది. అందుకని కార్బన్ ఫిల్టరు దాన్ని ముందే తీసేస్తుంది. కాబట్టి ట్యాంకు మురికిగా ఉన్నా, టిన్ను మురికిగా ఉన్నా, మన చెయ్యి మురికిగా ఉన్నా ఆ నీరు మళ్లీ పాడవుతుంది. చూడ్డానికి తేటగానే ఉంటుంది. తాగితే తియ్యగానే ఉంటుంది.

ఇప్పుడు ప్లాంటులో ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పుకుందాం.

రోజూ: ఇసక ఫిల్టరుని, కార్బన్ ఫిల్టరుని ఎదురు నీటితో కడగాలి. వాల్వు తిప్పితే నీరు కింది నుంచి పైకి పోతుంది. లోపల చేరిన మడ్డి బయటికి వస్తుంది. మొదట మురికి నీరు వస్తుంది. తేట నీరు వచ్చేదాకా కడగాలి. ప్లాంటు గచ్చు కూడా కడగాలి. టిన్నులో నీళ్లు పట్టే గొట్టం కొస నేల మీద పడెయ్యకూడదు.

నెలకి ఒకసారి: క్యాట్రిడ్జి విప్పి చూడాలి. క్యాట్రిడ్జి అంటే దారం చుట్టినట్టు తెల్లగా ఉండే ఫిల్టరు. రంగు మారితే కొత్తది వెయ్యాలి. మార్చిన తేదీ రాసి పెట్టాలి. క్యాట్రిడ్జికి ముందొక గడియారం, వెనకొక గడియారం లాంటివి ఉంటాయి. అవి నీటి ఒత్తిడి చూపిస్తాయి. ఆ రెండు ముళ్ల మధ్య తేడా బాగా పెరిగిందంటే లోపల మురికి అడ్డం పడిందన్నమాట.

మంచినీటి ట్యాంకుని కూడా నెలకి ఒకసారి ఖాళీ చేసి తోమాలి. బ్లీచింగ్ నీటితో కడిగి, తరవాత మంచినీటితో కడగాలి. మూత గట్టిగా పెట్టాలి. బ్లీచింగ్ నీరు మెంబ్రేను వైపు పోకుండా చూసుకోవాలి.

ఏడాదికి ఒకసారి: యూవీ దీపం మార్చాలి. ఈ దీపం వెలుగు క్రిముల్ని చంపుతుంది. ఏడాది దాటాక దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది గాని దాని బలం తగ్గిపోతుంది. ఆ దీపాన్ని నేరుగా చూడకండి. కళ్లకి దెబ్బ.

మెంబ్రేను పని తెలిసిన మెకానిక్కు చూడాలి. వచ్చే మంచినీరు తగ్గినా, ఉప్పు పెరిగినా అతన్ని పిలిపించాలి. ముందున్న ఫిల్టర్లు శుభ్రంగా ఉంటే మెంబ్రేను రెండు మూడేళ్లు వస్తుంది. లేకపోతే కొద్ది నెలల్లోనే పోతుంది. దాని ఖరీదు ఎక్కువ. క్యాట్రిడ్జి ఖరీదు తక్కువ. తక్కువ ఖర్చుకి వెనకాడితే ఎక్కువ ఖర్చు మీద పడుతుంది.

కొందరి ఇళ్లల్లో గోడకి చిన్న ఆర్ఓ మిషను ఉంది. దానికీ ఇదే లెక్క. ఏ ఫిల్టరు ఎప్పుడు మార్చాలో మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదవండి. నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే, లోపల నిలవున్న నీరు ముందు పారబొయ్యండి.

ఇక టీడీఎస్ మీటరు సంగతి. పెన్ను లాంటి మీటరు నీళ్లలో ముంచి ఒక అంకె చూపిస్తారు. "చూశారా, 40 వచ్చింది! ఎంత శుభ్రమో!" అంటారు. ఆ అంకె దేని గురించి చెబుతుంది? నీళ్లలో కరిగిన ఉప్పు, సున్నం లాంటి వాటి గురించి. అది క్రిమిని చూపించదు. అంకె చిన్నదైనా ఆ నీళ్లలో క్రిమి ఉండవచ్చు.

ఇంకో మాట. అంకె ఎంత తగ్గితే అంత మంచిదనుకోకండి. ఎముకలకి కావలసిన కాల్షియం కూడా ఆ అంకెలోనే ఉంది. తాగే నీటిలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశపు ప్రమాణం చెబుతుంది. వేరే నీరు దొరకని చోట 2000 వరకు ఒప్పుకున్నారు. మీ బోరు నీరు 500 లోపే ఉందనుకోండి. ఫ్లోరైడు లాంటివి కూడా ఎక్కువ లేవని పరీక్షలో తేలిందనుకోండి. అప్పుడు ఆర్ఓ అవసరమే లేదు. వడగట్టి, క్లోరిన్ కలుపుకున్నా చాలు, మరిగించుకున్నా చాలు.

మన అమ్మమ్మలు అదే చేసేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి డెల్టా ఊళ్లకి కాలవ నీళ్లు వచ్చాయి. వేసవిలో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకునేవారు. ఆ నీటిలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. పటిక తిప్పేవారు. మడ్డి కిందికి దిగేది. అయితే చిల్లగింజ, పటిక మడ్డిని దించుతాయి గాని క్రిములన్నిటినీ చంపవు. అందుకే మరిగించాలి. నీరు కుతకుతలాడటం మొదలయ్యాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచి దించాలి.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఎన్నో బోర్ల నీళ్లు ఉప్పన. అక్కడ ఆర్ఓ కావాలి. మన బోరు సంగతి ఏమిటో ముందు కొలిపించుకుని తెలుసుకుందాం.

మరి క్రిమి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దానికో చిన్న సీసా ఉంది. గీత దాకా నీరు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు ఇంట్లో వెచ్చగా ఉన్న చోట ఉంచాలి. నీరు నల్లబడితే మలం తాలూకు క్రిములు ఆ నీటిలో చేరాయని అనుమానించాలి. ఆ నీరు తాగకూడదు. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి 5 మంది ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పాలని పెట్టారు. మన ఊరి 5 మంది ఎవరు? పంచాయతీలో అడుగుదాం. లేకపోతే మనమే పేర్లు ఇద్దాం.

ఇప్పుడు మన ఇంటి పని.

టిన్ను నింపడానికి ఇచ్చే ముందు ప్రతిసారీ కడగాలి. మూతి ఇరుకు, చెయ్యి పట్టదు. అందుకని గుప్పెడు బియ్యం, కొంచెం సబ్బు నీరు పోసి గట్టిగా గిలకొట్టండి. పాచి వదులుతుంది. తరవాత సబ్బు పోయేదాకా కడగండి.

పది పదిహేను రోజులకి ఒకసారి బ్లీచింగ్ నీళ్లతో కడగండి. 20 లీటర్ల నీటికి ఒక చిన్న టీ చెంచా బ్లీచింగ్ పౌడరు. బకెట్లో కలిపి మడ్డి దిగనివ్వండి. పైన తేరుకున్న నీరు టిన్ను నిండా పొయ్యండి. అరగంట ఉంచి పారబొయ్యండి. మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు కడగండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి. విషపు గాలి పుడుతుంది.

బిందెలో చెయ్యి ముంచకండి. పొడుగు కాడ గరిటెతో తియ్యండి. కుళాయి ఉన్న పాత్రైతే ఇంకా మంచిది. మూత మరవకండి.

మంచినీరు వచ్చినప్పుడల్లా ఉప్పు నీరు కూడా బయటికి పోతుంది. ఇంటి మిషన్లో అయితే మంచినీటి కన్నా వదులు నీరే ఎక్కువ. దాన్ని కాలవలోకి వదలకండి. గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి వాడండి. తాగడానికి, వంటకి, పశువులకి వద్దు.

అక్కలారా! ప్లాంటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టిద్దాం. కడిగిన తేదీ, మార్చిన తేదీ, ముళ్ల అంకెలు, సంతకం అందులో రాయిద్దాం. వారానికి ఇద్దరం వెళ్లి ఆ పుస్తకం చదువుదాం. నడిపే అబ్బాయి మీద కోపంతో కాదు. అతని పిల్లలు కూడా ఆ నీళ్లే తాగుతారు.

మా వీధి పిన్ని చదివింది ఎంత? ఒక చీటీ. రెండే మాటలు, ఒక తేదీ. ఆ చీటీ అన్నాళ్లూ అందరి కళ్ల ముందే ఉంది. నేను కూడా రోజూ దాని ముందు నిలబడ్డాను. పిన్ని చదివింది, అడిగింది. నేను చదవలేదు.

ఈ సమావేశం అయ్యాక లేచి వెళ్లిపోకండి. అందరం కలిసి మన ప్లాంటు దగ్గరికి నడుద్దాం. చీటీ మీద ఏ తేదీ ఉందో మీరే చదివి నాకు చెప్పండి.

సెలవు.

మాట్లాడుకోండి:

1. మీ ప్లాంటులో ఫిల్టరు ఎప్పుడు మార్చారు?
2. ఆర్ఓ నీటికి కాపలా లేదని ఎందుకు అంటారు?
3. టీడీఎస్ మీటరు ఏమి చూపిస్తుంది? ఏమి చూపించదు?
4. మీ టిన్ను కడిగి ఎన్ని రోజులైంది?