ఆనంద మోహన్ చక్రవర్తి: ఒకే సూక్ష్మజీవితో అర్ధశతాబ్దం



ఆనంద మోహన్ చక్రవర్తి గారి పేరు చెప్పగానే న్యాయశాస్త్రం చదివినవారికి ఒక కోర్టు కేసు గుర్తొస్తుంది. నాకు మాత్రం సూడోమోనాస్ గుర్తొస్తుంది. మట్టిలోనూ నీటిలోనూ ఉండే ఈ బ్యాక్టీరియా ప్రజాతిని ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు.

1938లో బెంగాల్‌లోని సాయింథియాలో పుట్టారు. 1965లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గన్సాలస్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేరారు. అక్కడ కర్పూరాన్ని తిని బతికే సూడోమోనాస్‌పై అప్పట్లో పని జరుగుతూ ఉండేది. ఆ అరుగుదల శక్తినిచ్చే జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉంటాయని, అవి ఒక కణం నుంచి మరో కణానికి వెళ్లగలవని ఆ పనిలో తేలింది.

1971లో షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలకు వెళ్లాక ఆయన దృష్టి ముడిచమురు మీద పడింది. అది అనేక హైడ్రోకార్బన్ల కలగలుపు. ఒక్కో రకం సూడోమోనాస్ వాటిలో కొన్నింటినే తినగలదు. అన్ని రకాలనూ కలిపి వదిలితే తమలో తాము పోటీపడి కొన్నే మిగులుతాయి. అందుకని కర్పూరం, ఆక్టేన్, జైలీన్, నాఫ్తలీన్‌లను అరిగించే నాలుగు ప్లాస్మిడ్లను ఆయన ఒకే కణంలోకి చేర్చారు. ఒకచోట ఇమడని రెండింటిని అతినీలలోహిత కిరణాల సాయంతో కలిపారు. జన్యువులను కత్తిరించి అతికించలేదు. సూక్ష్మజీవులకు పుట్టుకతో ఉన్న ఇచ్చిపుచ్చుకునే గుణాన్నే వాడుకున్నారు.

1972లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే, ప్రాణమున్న జీవికి ఇవ్వలేమని పేటెంటు కార్యాలయం అంది. వివాదం కోర్టులకెక్కింది. 1980 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో, మనిషి రూపొందించిన సూక్ష్మజీవి పేటెంటుకు అర్హమేనని తీర్పిచ్చింది. బయోటెక్నాలజీ పరిశ్రమకు అది పునాది అయింది. ప్రాణానికి యజమాని ఉండవచ్చా అన్న ప్రశ్న మాత్రం ఈనాటికీ తీరలేదు. చమురు తినే ఆ బ్యాక్టీరియా కూడా సముద్రంలో వాడకానికి రాలేదు.

ఆయన అక్కడ ఆగిపోలేదు. తీర్పుకు ఏడాది ముందే, 1979లో, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరి, మనిషికి జబ్బు తెచ్చే సూడోమోనాస్ ఎరుగినోసా మీదికి వెళ్లారు. అది తయారుచేసే అజ్యూరిన్ రాగిని మోసే ప్రొటీన్, 128 అమైనో ఆమ్లాల గొలుసు. అది క్యాన్సర్ కణాల్లోకి చొరబడి, కణాల పెరుగుదలకు కాపలా కాసే పీ53 ప్రొటీన్‌ను పట్టుకుని నిలబెడుతుందని ఆయన బృందం చూపింది. ఆ గొలుసులోంచి తీసిన 28 ఆమ్లాల ముక్క, పీ28, రోగులపై తొలిదశ పరీక్షల దాకా వెళ్లింది.

2020 జూలై 10న ఆయన కన్నుమూశారు. విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఆ తీర్పును చదవండి, దానికి ముందు ఆయన ప్లాస్మిడ్ల మీద రాసిన పరిశోధన పత్రాలు చదవండి. కోర్టు మెట్లెక్కక ముందే ఆయన గొప్ప శాస్త్రవేత్త అని అవే చెబుతాయి.