పెద్దాసుపత్రిలో డాక్టర్లు మారినప్పుడు

(ఆరోగ్య అవగాహన కూటంలో రోగుల కుటుంబాలకు స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన కూటంలో బీపీ గురించి, షుగరు గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు నేను చెప్పబోయేది జబ్బు గురించి కాదు. మన ఆస్పత్రిలో వీలుకాని కేసులను పెద్దాసుపత్రికి రాసి పంపుతాం కదా. విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు జనరల్ ఆస్పత్రులు, హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, ఇవన్నీ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రులు. అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, పూటకో డాక్టరు వస్తున్నారు. మొన్న చూసినాయన ఈరోజు లేడు. ఎవర్ని అడగాలో తెలియలేదు."

ఆ మాట నిజమే. కానీ అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, అక్కడి పద్ధతే అంత. ఆ పద్ధతి తెలిస్తే మీ మనిషిని మీరు కాపాడుకోగలరు.

బోధనాసుపత్రిలో వార్డులను యూనిట్లుగా విభజిస్తారు. ఒక్కో యూనిట్‌కు ఒక చీఫ్ ఉంటారు, ఆయన ప్రొఫెసరు. ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వారి కింద పీజీ డాక్టర్లు, వారి కింద హౌస్ సర్జన్లు. హౌస్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ చదువు పూర్తిచేసి ఒక సంవత్సరం పనిలో శిక్షణ పొందుతున్న డాక్టరు. ఆ సంవత్సరంలో వాళ్ళు అన్ని విభాగాలూ తిరగాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం జనరల్ మెడిసిన్‌లో 6 వారాలు, ఎముకల విభాగంలో 2 వారాలు, క్యాజువాలిటీలో 2 వారాలు. అంటే తొడ ఎముక విరిగి ఒక పెద్దాయన నెల రోజులు మంచం మీద ఉన్నాడనుకోండి, ఈలోగా ఆయనకు డ్రెస్సింగ్ చేసే హౌస్ సర్జన్లు కనీసం రెండుసార్లు మారిపోతారు. పీజీలు మూడేళ్ళు ఉంటారు గానీ, వాళ్ళు కూడా మధ్యలో 3 నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేసి రావాలి. సంవత్సరానికొకసారి పాత బ్యాచ్ వెళ్ళిపోతుంది, కొత్త బ్యాచ్ వస్తుంది.

ఒక్కోసారి కొత్త బ్యాచ్ రానే రాదు. 2021లో పీజీ ప్రవేశ పరీక్ష ఏప్రిల్‌లో జరగాల్సింది, కోవిడ్ వల్ల సెప్టెంబరుకు వెళ్ళింది. తర్వాత సీట్ల కేటాయింపు కోర్టులో ఆగి, 2022 జనవరిలో గానీ మొదలు కాలేదు. అన్ని నెలలూ మూడు బ్యాచ్‌ల పనిని రెండు బ్యాచ్‌లు చేశాయి. 2021 డిసెంబరులో ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కింది అందుకే. డాక్టర్లు ధర్నా చేస్తే మనం విసుక్కుంటాం. నిద్రలేని మనిషి చేతిలో సూది ఉంటే కష్టం ఎవరిదో కూడా ఆలోచించాలి కదా.

సరే, డాక్టర్లు మారితే రోగికి నిజంగా నష్టం జరుగుతుందా? ఇంగ్లండులో కొత్త డాక్టర్లందరూ ఒకే రోజు, ఆగస్టు నెల మొదటి బుధవారం డ్యూటీలో చేరతారు. లండనులోని ఇంపీరియల్ కాలేజీ వారు 2000 నుండి 2008 వరకు ఆస్పత్రుల రికార్డులు తీసి, ఆ బుధవారం అత్యవసరంగా చేరిన రోగులను, అంతకుముందు జూలై చివరి బుధవారం చేరిన రోగులతో పోల్చారు. మొత్తం దాదాపు 3 లక్షల మంది. వయసు తేడాలు, జబ్బు తేడాలు లెక్కలోకి తీసుకున్నాక, కొత్త డాక్టర్లు చేరిన రోజు వచ్చినవారు చనిపోయే అవకాశం సుమారు 6 శాతం ఎక్కువగా కనిపించింది. నూటికి ఆరుగురు అదనంగా చనిపోయారని కాదు. వంద మరణాలు ఉండేచోట నూట ఆరు అని అర్థం చేసుకోండి. దీనికి కారణం కొత్త డాక్టర్లేనని ఆ పరిశోధకులు కూడా గట్టిగా అనలేదు. ఈ పరిశోధన 2009లో వెలువడింది. ఇలాంటి 39 అధ్యయనాలను 2011లో అమెరికాలో కలిపి చూశారు. బ్యాచ్ మారే కాలంలో మరణాలు కొంత పెరుగుతాయి, పని నెమ్మదిస్తుంది అని వాటిలో మెరుగైనవి చెప్పాయి. తేడా ఏమీ కనబడలేదన్నవి కూడా ఉన్నాయి.

కాబట్టి కొత్త డాక్టరును చూసి భయపడి పేషెంటును తీసుకుని ఇంటికి వచ్చేయకండి. అలా చేసినవాళ్ళున్నారు, అందుకే చెబుతున్నాను. రాత్రి రెండు గంటలకు పిలిస్తే పరుగెత్తుకు వచ్చేది ఆ పిల్లలే. కొత్తవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు, తెలియకపోతే పైవాళ్ళను అడుగుతారు. పాతవాళ్ళకు అలవాటైపోయి కంటికి ఆననిది ఒక్కోసారి కొత్త కంటికి ఆనుతుంది.

నా ఉద్దేశంలో ప్రమాదం కొత్త డాక్టరులో లేదు. పాత డాక్టరు తలలో ఉండిపోయి కాగితం మీదికి రాని మాటలో ఉంది.

ఒక సంగతి చెబుతాను. కిడ్నీలో రాయికి ఒకాయన పట్నంలో ఆపరేషను చేయించుకున్నాడు. రాయి తీశాక మూత్రం సాఫీగా దిగడానికి లోపల సన్నటి గొట్టం పెడతారు, దాన్ని డీజే స్టెంట్ అంటారు. కొన్ని వారాల్లో దాన్ని తీసేయాలి. పైన కోత ఉండదు, మూత్రమార్గం గుండానే తీస్తారు. పీజీ డాక్టరు ఆయనకు "నెల తర్వాత రా" అని నోటితో చెప్పాడు. డిశ్చార్జ్ కార్డులో ఆపరేషను పేరు ఉంది గానీ స్టెంట్ ఎప్పుడు తీయాలో తేదీ లేదు. ఈయన నెల తర్వాత వెళ్ళాడు. ఆ డాక్టరు కోర్సు పూర్తయి వెళ్ళిపోయాడన్నారు. ఆ రోజు ఆ యూనిట్ ఓపీ కూడా కాదు. నొప్పి ఏమీ లేదు కదా అని తిరిగి వచ్చేశాడు. లోపల గొట్టం ఉందన్న సంగతి ఇంట్లో భార్యకు కూడా తెలియదు. ఏడాదిన్నర తర్వాత మూత్రంలో రక్తం పడుతోందని మన దగ్గరకు వచ్చాడు. ఎక్స్‌రే తీస్తే స్టెంట్ పొడవునా సున్నం పట్టినట్టు రాయి పేరుకుంది. అయిదు నిమిషాల్లో తీసేయగలిగే గొట్టానికి మళ్ళీ పెద్ద ఆపరేషను అయింది. ఒక కిడ్నీ పని బాగా తగ్గిపోయింది. ఆయన కూలికి వెళ్ళే మనిషి.

ఇందులో ఎవరు తప్పు చేశారు? ఆ పీజీ చెప్పాడు, ఈయన వెళ్ళాడు. ఆ మాటను మాత్రం ఒకరి చేతి నుండి ఇంకొకరి చేతికి ఎవరూ అందించలేదు.

దీనికి మందు లేకపోలేదు. అమెరికాలో తొమ్మిది ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించడానికి ఒక క్రమం పెట్టారు. రోగి ఎంత సీరియస్, ఇప్పటివరకు ఏం జరిగింది, ఇంకా చేయాల్సినవి ఏమిటి, రాత్రి ఏదైనా జరిగితే ఏం చేయాలి అన్నీ చెప్పాలి. విన్న డాక్టరు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. 2014లో వెల్లడైన ఫలితాల్లో వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి, పొరపాటు వల్ల రోగికి జరిగే హాని 30 శాతం తగ్గింది. కొత్త మిషను కొనలేదు, కొత్త మందు వాడలేదు. చెప్పడం, విని తిరిగి చెప్పడం, అంతే. ఇంగ్లండులో కూడా కొత్త డాక్టర్లు పని మొదలుపెట్టే ముందు కనీసం 4 రోజులు పాతవారి వెంట ఉండాలని 2012లో నియమం తెచ్చారు. మన నర్సులం షిఫ్టు మారేటప్పుడు మంచం మంచం తిరిగి అప్పగింతలు చేసుకోవడం మీరు చూసే ఉంటారు. కబుర్లు చెప్పుకుంటున్నారని కొందరనుకుంటారు. అవి కబుర్లు కావమ్మా!

ఇక మీ వంతు. డాక్టర్లు మారతారు, మా నర్సులకూ వార్డులు మారతాయి, మంచం పక్కన మొదటి రోజు నుండి చివరి రోజు వరకు ఉండేది మీరొక్కరే. అందుకని చేరిన రోజే ఏ యూనిట్, చీఫ్ ఎవరు, ఆ యూనిట్ ఓపీ ఏయే రోజుల్లో ఉంటుంది అని అడిగి రాసుకోండి. "పొడుగ్గా, కళ్ళద్దాలు పెట్టుకున్న డాక్టరు" అంటే రేపు ఎవరికీ తెలియదు. యూనిట్ పేరు, చీఫ్ పేరు చెబితే తెలుస్తుంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. గుండెలో వాల్వు మార్చిన ఒకామె హెర్నియా ఆపరేషనుకని చేరింది. రక్తం గడ్డకట్టకుండా ఆమె రోజూ వాడే ఎసిట్రోమ్ మాత్రను ఆపరేషనుకు ముందు ఆపారు. ఆపమని కేస్ షీట్‌లో ఉంది, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో లేదు. ఇంతలో హౌస్ సర్జన్లు మారారు. ఆమె కోడలు పదో తరగతి చదివిన పిల్ల. మాత్రలన్నీ పుస్తకంలో రాసుకుంటోంది కనుక, "సార్, గుండె మాత్ర ఆపి ఇన్ని రోజులైంది, మళ్ళీ ఎప్పుడివ్వాలి?" అని అడిగింది. ఆ కొత్త డాక్టరు వెంటనే పీజీకి ఫోన్ చేసి, రక్త పరీక్ష చేయించి, ఆ సాయంత్రమే మొదలుపెట్టించాడు. అడిగినందుకు ఎవరూ ఆమెను కసురుకోలేదు. వాల్వు ఉన్నవాళ్ళకు ఆ మాత్ర ఆగితే పక్షవాతం రావచ్చు.

ఏ మందు పడదో ప్రతి కొత్త డాక్టరుకూ మీరే చెప్పండి, కేస్ షీట్‌లో ఉన్నా సరే చెప్పండి. బయాప్సీకి ముక్క పంపితే, రిపోర్టు ఎక్కడ, ఎన్ని రోజులకు వస్తుందో అడగండి. పంపిన డాక్టరు అప్పటికి వేరే వార్డులో ఉండవచ్చు, రిపోర్టు మాత్రం రికార్డుల్లో అలాగే పడి ఉంటుంది. ఇంటికి పంపేటప్పుడు, "లోపల ఏమైనా పెట్టారా? స్టెంటా, రాడ్డా, గొట్టమా? తీయాల్సిందయితే తేదీ వేసి ఇవ్వండి" అని అడగండి. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద కూడా రాయండి. డిశ్చార్జ్ కార్డును ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. కాగితాలు వానకు తడుస్తాయి, ఫోనులో ఉంటే పట్నంలో ఉన్న మీ అబ్బాయికి కూడా పంపవచ్చు.

మీరు వెళ్ళేసరికి పాత డాక్టరు లేకపోతే వెనక్కి రాకండి. కార్డు పట్టుకుని ఆ యూనిట్ ఓపీ రోజున ఎవరున్నా చూపించండి. వాళ్ళూ కాదంటే మన ఆస్పత్రికి రండి, మన డాక్టరుగారు ఉత్తరం రాసిస్తారు.

ఇప్పుడు ప్రార్థన అయ్యాక మందుల గది పక్కన నేనూ, మన స్టూడెంట్ నర్సులూ కూర్చుంటాం. పెద్దాసుపత్రి కాగితాలు తెచ్చినవాళ్ళు అక్కడికి రండి, ఒక్కొక్కటిగా చదివి చెబుతాం. రాయి ఆపరేషను అయి, స్టెంట్ తీశారో లేదో తెలియనివాళ్ళు వరుసలో నిలబడక్కరలేదు, నేరుగా ముందుకు వచ్చేయండి.