మూసీ తీరమున ఒక ఉదయము



ఈ రజతోత్సవ సభలో ఏదైన కావ్యమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను పండితులకడ చదివినవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ బీరువాలోని పోతన భాగవతమును చదివికొన్నవాడను. దశమస్కంధములోని ముచుకుందుని కథ మీరెరుగుదురు. గుహలో నిద్రించు ఆ రాజర్షిని కాలయవనుడు తన్ని లేపి, ఆయన చూపునకు భస్మమయ్యెను. అనంతగిరి కొండలలో పుట్టిన మన మూసీకి ముచుకుంద యని పూర్వనామము. మన ఆయకట్టునకు నీరిచ్చు నది గనుక, కావ్యమును ప్రక్కనుంచి ఆ నదినిగూర్చియే మనవి చేసెదను.

మొన్న పనిమీద పట్నము పోయి, నయాపూల్ కడ దిగి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని అఫ్జల్ పార్కున చింతచెట్టును చూచితిని. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బ్రదికిరి. నగరమున సుమారు 15,000 మంది గతించిరందురు. రుబాయీల కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయెను. మ్రానుపై చేయి వేసి నిలిచితిని. నోటికి పద్యమేదియు రాలేదు.

మరుసటి ఏట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మొదట లెక్క తీసిరి: పరీవాహమునందలి 788 చెరువులలో 221 తెగినవి! వారి సలహా మేరకు ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మింపబడెను. ఒడ్డులెత్తుచేసి తోటలు, బాటలు వేయుమనియు వారు చెప్పిరి. ఆ తోటలు షికారునకే యని చాలకాలము నేననుకొంటిని. తోట మునిగిన బురద కడిగికొందుము. ఇల్లు మునిగిన సంసారమే పోవును గదా!

వంతెన దాటి, పాతబస్తీ వైపున సాలార్ జంగ్ మ్యూజియము మీదుగా చాదర్‌ఘాట్ వరకు నడచితిని. నల్లని నీరు, దుర్గంధము. ఈ నదిని బాగుచేయుటకు ప్రభుత్వము సుమారు 55 కిలోమీటర్ల పథకమును చేపట్టినది. 2024లో నదీగర్భమందలి ఇండ్లకు ఎర్రగుర్తులు వేసిరి. మూసానగర్, శంకర్‌నగర్‌లలో కొన్నిటిని కూల్చి, పలు కుటుంబములను రెండు పడకగదుల ఇండ్లకు పంపిరి. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయముల తలుపులెత్తగా, నీరు ఆ పల్లములనే గాక మహాత్మాగాంధీ బస్సు స్టేషనును గూడ ముంచెను.

పూర్వపు పహాణీలలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. ఇచ్చట పట్టాదారు నది. నూరేండ్లకైన వచ్చి తన నేల అడుగును. అనుభవదారులు పేదలు. నదికి చోటు విడువవలెననుటలో నాకు సందేహము లేదు. కాని వీరి గడిని కొట్టివేసి లెక్క సరిపోయెననుట మా వృత్తిలో తప్పు.

గట్టుమీద ఒక ముసలమ్మ కనబడెను. ఆమె కుమార్తెకు దూరమున ఇల్లు దొరకినదట. పాచిపని మాత్రము ఇచ్చటనే.

“బస్సు కిరాయికే సగం జీతం పోతది సాబ్” అనెను. పిమ్మట, “మీదే ఊరు?” అని యడిగెను. చెప్పితిని.

“మీ పొలాలకు ఈ నీళ్ళేనా?”

“ఔనమ్మా.”

“ఆ బియ్యం మీరు తింటరా?”

“తింటున్నామమ్మా” అంటిని.

ఆమె చాలసేపు నీటివైపే చూచెను.